మిస్సమ్మగారు మళ్ళీ వస్తున్నారు, మేం ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న చదివాను. మీ ఊరి మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళ క్రితం పనిచేసిన కెనడా మిస్సమ్మగారు ఒకసారి వచ్చి చూసి వెళ్తానని ఉత్తరం రాశారు, సంఘం వాళ్ళేమో పెద్ద మీటింగు పెడదామంటున్నారు, ఎలా చేస్తే బాగుంటుంది అని అడిగారు. మా ఇంట్లో ఇది 2017లో జరిగింది. మేం చేసిన తప్పులు మీరు చేయకుండా ఉంటారని రాస్తున్నాను.

మాది తూర్పుగోదావరి. మా అమ్మ మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో నర్సు. అమ్మకు పని నేర్పింది అక్కడి మిస్సమ్మగారే. నేనూ మా చెల్లీ ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్ళమే. ఆవిడ 1963లో వచ్చి 1981లో వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చింది 80 ఏళ్ళ వయసులో, జనవరి మొదటి వారంలో, చేతికర్ర పట్టుకుని, రాజమండ్రి విమానాశ్రయంలో.

ముందు కాగితాల సంగతి చెప్పేస్తాను. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళు చర్చికి వెళ్ళొచ్చు, ఆరాధనలో కూర్చోవచ్చు. ప్రసంగం చేయకూడదు, కరపత్రాలు పంచకూడదు. మా పెద్దలు ఈ సంగతి తెలియక ఫ్లెక్సీ మీద "వాక్యోపదేశం" అని ఆవిడ ఫొటో వేయించేశారు. రాత్రికి రాత్రి తీయించాం. రెండోది, విదేశీయులు మీ ఇంట్లో దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో వాళ్ళ వివరాల ఫారం నింపాలి. హోటళ్ళకే కాదు, ఇళ్ళకీ ఇదే రూలు. మూడోది డబ్బు. ఆవిడ ప్రేమతో ఆసుపత్రికో చర్చికో ఏదైనా ఇస్తానంటే మీ చేత్తో తీసుకోకండి. రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ విరాళం కిందకే వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే ఇవ్వాలి. 2020 సవరణ తర్వాత అయితే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఆ సంస్థకున్న ఖాతాలోకే వెళ్ళాలి.

మా విషయంలో డబ్బు టెన్షన్ దానంతట అదే తీరిపోయింది. నోట్ల రద్దు జరిగి రెండు నెలలు కూడా కాలేదు. ఏటీఎంలో రోజుకు నాలుగున్నర వేలు, అదీ అందులో డబ్బుంటే. ఆవిడ దగ్గర ఏదో దొరుకుతుందని వచ్చినవాళ్ళంతా ఏటీఎం క్యూలో మా వెనకే నిలబడాల్సి వచ్చింది!

ఇక అసలు సంగతి. ఆవిడ ఎవరిని చూడడానికి వస్తున్నారో ముందే అడగండి. మేం అడగలేదు. ఎవరు ఆవిడను చూడాలనుకుంటున్నారో లెక్క వేసుకున్నాం, ప్రోగ్రాం దాని ప్రకారం రాసుకున్నాం. మొదటి మూడు రోజులు మీటింగులే. ఊళ్ళో సంఘం రెండు వర్గాలు, రెండు వర్గాలకూ వేరువేరు స్టేజీలు. పూలదండలు, శాలువాలు. యాభై ఏళ్ళ మగాళ్ళు వరసగా వచ్చి "అమ్మగారూ, నన్ను మీరే పుట్టించారు" అని కాళ్ళకు దండం పెట్టేవాళ్ళు. ఆవిడ నవ్వి తల మీద చెయ్యి వేసేవారు. మూడో రాత్రి అమ్మతో అన్నారట, "వీళ్ళెవరూ నాకు గుర్తు లేరమ్మా, గుర్తున్నట్టు నటించలేక అలిసిపోతున్నాను" అని. వార్డులో పుట్టిన వేలమంది పిల్లల మొహాలు ఏ నర్సుకు గుర్తుంటాయి? అది మాకు తట్టలేదు.

ఆవిడ తెలుగు గురించి కాస్త చెప్పాలి. ఆ రోజుల్లో మిషనరీలకు భాషా పరీక్షలు ఉండేవి, పాసయ్యాకే పని. ఆవిడ వార్డులో నేర్చుకున్న తెలుగు పక్కా మా ఊరిది. "ఆయ్, నొప్పులు ఎప్పట్నించండి?" అనే తెలుగు. మన కుర్రాళ్ళేమో ఆవిడతో ఇంగ్లీషే మాట్లాడేవారు. ఒకడు "మేడం, హాస్పిటల్ ఓల్డ్ బ్లాక్ క్లోజ్ చేసేశారు, న్యూ బ్లాక్ మాత్రం ఓపెన్‌లో ఉంది" అన్నాడు. ఆవిడ అమ్మ వైపు తిరిగి, "ఇది తెలుగేనా?" అన్నారు. అడిగింది నిజంగానే, వెక్కిరింత కాదు.

మూసేసిన ఆ పాత బ్లాకులోనే కాన్పుల వార్డు ఉండేది. తాళం తీయించి చూపించాం. పెంకులు జారిపోయి, లోపల రావిమొక్క లేచింది. ఏడుస్తారేమోనని అమ్మ భయపడింది. ఏడవలేదు. ఏ మూల ఏ మంచం ఉండేదో కర్రతో చూపించారు, స్టెరిలైజర్ పెట్టిన బల్ల చోటు చూపించారు, "ఇక్కడ ఎప్పుడూ వాన కారేది" అన్నారు. పది నిమిషాల్లో బయటికి వచ్చేశారు. ఆసుపత్రి పాడుబడిందని ఆవిడ కంటే మేమే ఎక్కువ సిగ్గుపడ్డాం.

ఆ మధ్యాహ్నమే ఇంకో ముచ్చట. ఒక పెద్దమనిషి స్టాంపు పేపరు పట్టుకొచ్చాడు. కాంపౌండు పక్క స్థలం వాళ్ళ నాన్నకు దొరలు ఇచ్చారని ఆవిడ రాసి సంతకం పెట్టాలట. మిషన్ ఆస్తుల తగాదాలు మన జిల్లాల్లో ఎలా ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. మీ దగ్గరకూ ఎవరో ఒకరు వస్తారు, చూసుకోండి. ఆవిడ చేత దేని మీదా సంతకం పెట్టించనివ్వకండి, ఆఖరికి "గౌరవ అతిథి" రిజిస్టరు మీద కూడా, చదవకుండా.

స్టేజీ మీద ఆవిడ మాట్లాడింది ఒక్కసారే, ఐదు నిమిషాలు. మిషనరీల త్యాగాల గురించి పెద్దలు గంటసేపు పొగిడాక లేచి, "కాకినాడలో ఈ మిషన్ పని మొదలుపెట్టింది మేం కాదు, టెలిగ్రాఫ్ ఆఫీసు ఉద్యోగం వదిలేసిన థామస్ గాబ్రియేలు అనే తెలుగాయన, 1874లో కెనడా వాళ్ళు వచ్చింది ఆయన మొదలుపెట్టిన పనిలోకే" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు కానీ, పెద్దలకు పెద్దగా నచ్చినట్టు లేదు. మర్నాడు పేపర్లో ఆ ముక్క రాలేదు, శాలువా ఫొటో వచ్చింది.

నాలుగో రోజు అమ్మ మీటింగులన్నీ ఆపించి నేరుగా అడిగింది, "మీకు ఎక్కడికెళ్ళాలనుంది?" అని. ఆవిడ చెప్పింది ఒక్క ఇల్లు. 1974లో కాన్పులో ఒక ఇరవై ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. రక్తం ఆగలేదు, కాకినాడ తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది. ఆ పేరు, ఆ వీధి, ఇంటి ముందున్న బావి అన్నీ ఆవిడకు గుర్తే. పుట్టినవాళ్ళెవరూ గుర్తులేరన్న మనిషికి.

ఆటోలో వెళ్ళాం. బావి పూడ్చేశారు. ఇల్లు అదే, తాళం వేసి ఉంది. వాళ్ళు హైదరాబాద్ వెళ్ళి పదేళ్ళయిందని పక్కింటావిడ చెప్పింది, మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మిస్సమ్మగారు ఆ అరుగు మీద అరగంట కూర్చున్నారు. ప్రార్థన చేశారో లేదో నాకు తెలీదు, కళ్ళు తెరిచే ఉన్నాయి. తర్వాత గ్లాసు కడిగి ఇచ్చి "వెళ్దాం పదండి" అన్నారు. మేం ముందే అడిగి ఉంటే ఫోను నంబరు కనుక్కునేవాళ్ళం, హైదరాబాద్‌లోనే కలిపేవాళ్ళం. ఆవిడ విమానం దిగి మారింది అక్కడే మరి! అదొక్కటీ అమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది.

అందుకే మీరు ఇవాళే ఉత్తరం రాయండి, పేర్లు అడగండి. బతికున్నవాళ్ళవీ, లేనివాళ్ళవీ. సమాధుల తోటకు వెళ్తారేమో అడిగి, ముందే ముళ్ళకంపలు కొట్టించండి. రోజుకు ఒక్క పని చాలు, మధ్యాహ్నం నిద్ర తప్పనిసరి. ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ లేకపోతే బంధువుల ఇంట్లో దింపండి, మొహమాటపడకండి. సంక్రాంతి దగ్గర పెట్టుకోకండి, తిరుగు టికెట్లకు చచ్చిపోతారు.

మీటింగు మాత్రం ఒకటే పెట్టండి. మా మిస్సమ్మగారికి మొత్తం పదకొండు శాలువాలు వచ్చాయి, బరువని ఒక్కటే పట్టుకెళ్ళారు. మిగతా పదీ మా బీరువాలో మడత విప్పకుండా ఉన్నాయి. కావాలంటే చెప్పండి, పంపిస్తాను.