పళ్లెంలో పెరిగే పేగు

ప్రశ్న: మనిషి పేగును ప్రయోగశాలలో పెంచి, అందులోకి సూక్ష్మజీవులను వదిలి పరిశీలిస్తున్నారని చదివాను. ఎలుకలు ఉండగా ఇదెందుకు?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మనిషికి సోకే సూక్ష్మజీవులన్నీ ఎలుకకు సోకవు కనుకనే, అమ్మా. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్‌ను 1972లోనే గుర్తించినా, దాన్ని ప్రయోగశాలలో నిలకడగా పెంచడం దశాబ్దాల పాటు సాధ్యపడలేదు. 2016లో హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల పరిశోధకులు మనిషి పేగు మూలకణాల (కొత్త కణాలను పుట్టించే కణాలు) నుంచి పెంచిన కణజాలంలో దాన్ని వృద్ధి చేయగలిగారు. కొన్ని రకాలకు పైత్యరసం కూడా కలపవలసి వచ్చింది. పేగులో ఉండేదే అక్కడా కావాలన్నమాట! వానాకాలంలో మన తండాల్లో విరేచనాలతో నీరసించే పసిపిల్లలను చూసినవారికి ఈ పని విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఎండోస్కోపీలో తీసిన చిన్న పేగు ముక్కలోని మూలకణాలను జెల్లీ వంటి పదార్థంలో ఉంచి పోషకాలు అందిస్తే, అవి ఆర్గనాయిడ్లు అనే బోలు ఉండలుగా పెరుగుతాయి. పేగు లోపలి వైపు ఆ ఉండ లోపలే ఉండిపోతుంది కాబట్టి, సూక్ష్మజీవులను సన్నని సూదితో లోపలికి పంపడమో, కణాలను పలుచని పొరగా పరచడమో చేయాలి. అసలు చిక్కు ప్రాణవాయువుతో వస్తుంది: కణజాలానికి అది కావాలి, పేగులోని చాలా బాక్టీరియాకు అదే విషం. పైగా ఈ ఉండల్లో రక్తనాళాలు, రోగనిరోధక కణాలు సాధారణంగా ఉండవు.