పేపర్ మిల్లులో ఆటోమేషన్ కొలువుకు పీఎల్‌సీ కోర్సు చాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈఈఈ మూడో సంవత్సరం చదువుతోంది. పేపర్ మిల్లుల్లోనో ప్యాకేజింగ్ పరిశ్రమల్లోనో ఆటోమేషన్ ఇంజినీరుగా చేరాలని ఆమె కోరిక. పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటర్) షార్ట్‌టర్మ్ కోర్సులో చేర్పిస్తే సరిపోతుందా? – ఒక తండ్రి, కాగజ్‌నగర్

జవాబు: మీ అమ్మాయి మంచి రంగాన్నే ఎంచుకున్నారు. ఆ కోర్సు వద్దని నేను అనను కానీ, దానితోనే మొదలుపెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. పీఎల్‌సీ ప్రోగ్రామింగ్‌ను ఉద్యోగంలో చేరాక కూడా నేర్చుకోవచ్చు. పరుగెత్తే కాగితాన్ని అదుపులో పెట్టడం వెనుక ఉన్న లెక్క మాత్రం కాలేజీలోనే ఒంటబట్టాలి.

మీ ఊరి మిల్లులోనైనా, సారపాక, రాజమహేంద్రవరం మిల్లుల్లోనైనా కాగితం తడి గుజ్జు దశ నుంచి ప్రెస్ రోలర్లను, ఆవిరితో వేడెక్కే డ్రయర్ సిలిండర్లను దాటి రీలు చేరేదాకా ఎక్కడా ఆగదు. ఒక్కో విభాగాన్ని వేర్వేరు మోటార్లు నడుపుతాయి. ముందున్న రోలర్ వెనుకదానికంటే కొద్దిగా వేగంగా తిరిగితేనే కాగితం బిగువుగా ఉంటుంది; ఆ తేడా ఎక్కువైతే కాగితం తెగుతుంది, చాలకపోతే వదులై ముడతలు పడుతుంది. ఇక చుట్టే దశ మరింత ఆసక్తికరమైనది. ఇరుసును మోటారే నేరుగా తిప్పే వైండర్ నిమిషానికి 300 మీటర్ల వేగంతో నడుస్తోందనుకుందాం. చుట్ట వ్యాసం 20 సెంటీమీటర్లు ఉన్నప్పుడు ఇరుసు నిమిషానికి దాదాపు 477 సార్లు తిరగాలి. వ్యాసం మీటరుకు చేరేసరికి 95 సార్లు చాలు, కానీ అదే బిగువు నిలబడాలంటే టార్క్ (తిప్పే బలం) అయిదు రెట్లు కావాలి. నిండు చుట్ట జడత్వమైతే వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి, మొదట్లో చక్కగా పనిచేసిన పీఐడీ (తేడాను చూసి మోటారును సరిదిద్దే కంట్రోలర్) సెట్టింగులు చివరిదాకా పనికిరావు.

రెండో చిక్కు ఆలస్యం. కాగితం బరువును కొలిచే స్కానర్ రీలు దగ్గర ఉంటే, దాన్ని సరిదిద్దే వాల్వు హెడ్‌బాక్స్‌కు (గుజ్జును యంత్రంపై పరిచే పెట్టె) ముందు ఉంటుంది. ఆ రెండింటి మధ్య కాగితం నడిచే దారి 150 మీటర్లు, వేగం నిమిషానికి 600 మీటర్లు అయితే, చేసిన మార్పు ఫలితం 15 సెకన్ల తర్వాత గానీ కనిపించదు. ఆలోగా కంట్రోలర్ తొందరపడి మళ్లీ మళ్లీ సరిదిద్దితే బరువు ఊగిసలాడుతుంది. దీనికి ఇంజినీర్ ఓటో స్మిత్ 1957లో ప్రతిపాదించిన, ఫలితాన్ని ముందే అంచనా వేసే ప్రిడిక్టర్ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. 1960లలో కంట్రోల్ శాస్త్రవేత్త కార్ల్ ఓస్ట్రోమ్ స్వీడన్‌లో కాగితం యంత్రంపై చేసిన కంప్యూటర్ నియంత్రణ కృషి కంట్రోల్ శాస్త్రాన్నే ముందుకు నడిపింది.

అందుకే ఈ ఏడాది కంట్రోల్ సిస్టమ్స్, ఎలక్ట్రికల్ డ్రైవ్స్ సబ్జెక్టులను పరీక్ష కోసమని కాకుండా లోతుగా చదవమనండి. పై రెండు సమస్యలనూ ఉచితంగా దొరికే సైలాబ్ సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేట్ చేయమనండి. ఫైనలియర్ ప్రాజెక్టుగా రెండు మోటార్లు, ఒక లోడ్‌సెల్‌తో (బలాన్ని కొలిచే సెన్సర్) చిన్న వైండర్‌ను తయారుచేస్తే ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు, ఆమె ధీమాగా చెప్పగలుగుతారు. పీఎల్‌సీ శిక్షణ ఆ తర్వాత తీసుకుంటే దాని విలువ తెలుస్తుంది. పీజీ ఆలోచన ఉంటే గేట్‌లో ఎలక్ట్రికల్ లేదా ఇన్‌స్ట్రుమెంటేషన్ పేపరు రాయవచ్చు. కాగితం రంగంలోనే ప్రత్యేకత కావాలంటే ఐఐటీ రూర్కీ సహారన్‌పూర్ ప్రాంగణంలో దానికో విభాగం ఉంది.

కాగితానికే పరిమితమవుతుందన్న బెంగ అక్కర్లేదు. ప్లాస్టిక్ ఫిల్మ్, ఉక్కు రేకు, లిథియం బ్యాటరీల ఎలక్ట్రోడ్ పూత లైన్లలోనూ ఇదే బిగువు (టెన్షన్) నియంత్రణ ఉంటుంది. అయితే ఇవి రాత్రింబవళ్లు నడిచే లైన్లు, షిఫ్టులు తప్పవు. ఈ సంగతి ఆమెతో ఇప్పుడే విడమరిచి మాట్లాడండి. వేసవిలో మిల్లులో ఇంటర్న్‌షిప్ దొరికితే కంట్రోల్ రూముకే పరిమితం కాకుండా, కాగితం తెగినప్పుడు ఆపరేటర్లు దాన్ని మళ్లీ ఎలా ఎక్కిస్తారో దగ్గరుండి చూడమని చెప్పండి.