సొంత సర్కారుని నమ్మనివాళ్ళు దూరపు కోర్టుని ఎందుకు నమ్ముతారు? (మీ ప్రశ్నలు – మా జవాబులు)

ప్రశ్న: యూరప్‌లో మైనారిటీ జాతులవాళ్ళు తమ దేశం గవర్నమెంట్ కంటే యూరోపియన్ యూనియన్‌నే ఎక్కువ నమ్ముతారని మా క్లాసులో చెప్పారు సార్. నిజమేనా, లేక దూరపు కొండలు నునుపు అన్నట్టు అనుకోవాలా?
– ఎంఏ పొలిటికల్ సైన్స్ విద్యార్థిని, వరంగల్

జవాబు: సగం నిజం అమ్మా. ఆ సగం ఎక్కడిదో చూద్దాం.

ముందు ఒక సంగతి. మైనారిటీలు అని ఒకే గంపలో వేస్తే జవాబు దొరకదు. రొమేనియాలో, స్లొవేకియాలో తరతరాలుగా ఉన్న హంగేరియన్లు ఒక రకం, వాళ్ళకి పక్కనే సొంత భాష మాట్లాడే దేశం ఉంది. యూరప్ అంతా కలిపి దాదాపు కోటి మంది ఉంటారని చెప్పే రోమాలు (జిప్సీలు అని పిలిచే జాతి) ఇంకో రకం, వాళ్ళ తరఫున మాట్లాడటానికి ఏ దేశమూ లేదు. పారిస్‌కో బెర్లిన్‌కో వలస వచ్చి స్థిరపడినవాళ్ళు మూడో రకం. ఈ ముగ్గురికీ బ్రస్సెల్స్ (యూరోపియన్ యూనియన్ ప్రధాన కార్యాలయాలున్న ఊరు) ఒకేలా కనపడదు కదా.

ఇక లెక్కల విషయానికొస్తే, యూరోపియన్ సోషల్ సర్వే అని ఒకటుంది, అందులో మీరు మీ దేశంలో మైనారిటీ జాతికి చెందినవాళ్ళేనా అని అడుగుతారు, యూరోపియన్ పార్లమెంట్ మీద, ఐక్యరాజ్యసమితి మీద ఎంత నమ్మకమో 0 నుంచి 10 దాకా మార్కులు వెయ్యమని కూడా అడుగుతారు. మీ లెక్చరర్ చెప్పిన లాంటి మాటలు ఎక్కువగా ఇలాంటి సర్వేల నుంచే వస్తాయి. కాకపోతే ఒక దేశంలో వెయ్యీ రెండువేల మందిని అడిగితే అందులో రోమాలు ఎంతమంది తగుల్తారు చెప్పు, కాబట్టి ఆ అంకెల్ని కాస్త జాగ్రత్తగా చదవాలి.

ఎందుకు నమ్ముతారంటే, సొంత ఊళ్ళో స్కూలు, పోలీసు, మున్సిపాలిటీ అన్నీ మెజారిటీ జాతి చేతిలో ఉన్నాయని అనిపించినప్పుడు మనిషి ఆ పైన ఎవరున్నారని చూస్తాడు. కాబట్టి బ్రస్సెల్స్ మీద నమ్మకం అని సర్వేలో కనపడేదాంట్లో చాలా భాగం ఇంటి గవర్నమెంట్ మీద అపనమ్మకమే అని నా అభిప్రాయం. అలాంటి నమ్మకం తొందరగా పుడుతుంది, తొందరగా పోతుంది కూడా.

లాత్వియా సంగతే తీసుకో. 1991లో సోవియట్ యూనియన్ నుంచి బయటికి వచ్చాక, 1940కి ముందు పౌరులుగా ఉన్నవాళ్ళకీ వాళ్ళ పిల్లలకీ మాత్రమే పౌరసత్వం ఇచ్చారు, దాంతో సుమారు 7 లక్షల మంది, ఎక్కువమంది రష్యన్ మాట్లాడేవాళ్ళు, ఏ దేశానికీ పౌరులు కాకుండా మిగిలిపోయారు, వాళ్ళ పాస్‌పోర్ట్ మీదే పౌరుడు కాదు అని రాసుంటుంది. అప్పుడు లాత్వియాకి యూరోపియన్ యూనియన్‌లో చేరాలని ఆశ. చేరాలంటే మైనారిటీల్ని గౌరవించాలి అని 1993లో కోపెన్‌హాగన్‌లో షరతు పెట్టారు. ఓఎస్‌సీఈ (యూరప్ భద్రత, సహకార సంస్థ) తరఫున మైనారిటీల హైకమిషనర్‌గా ఉన్న మాక్స్ వాన్ డెర్ స్టూల్ వెంటపడి వెంటపడి ఒత్తిడి చేశాడు. చివరికి 1998లో పార్లమెంట్ పౌరసత్వ చట్టాన్ని సడలించింది, రెఫరెండంలో (ప్రజల ఓటింగులో) జనం దాన్ని నిలబెట్టారు, 1991 ఆగస్టు తర్వాత అక్కడ పుట్టిన పిల్లలకి దారి తెరిచారు. బయటి ఒత్తిడి పనిచేసింది.

2004లో లాత్వియా యూనియన్‌లో చేరిపోయింది. చేరాక ఆ షరతుకి ముందున్న బలం లేదు. చేరాలా వద్దా అని 2003లో పెట్టిన ఓటింగులో ఈ పౌరులు కానివాళ్ళకి ఓటే లేదు, యూరోపియన్ పార్లమెంట్ ఎన్నికల్లోనూ లేదు. రష్యన్ మాట్లాడేవాళ్ళు ఎక్కువగా ఉండే దౌగావ్‌పిల్స్ అనే ఊళ్ళో అయితే ఓటున్నవాళ్ళలో ఎక్కువమంది చేరొద్దనే అన్నారు. ఓటు కూడా లేని పార్లమెంట్‌ని నమ్ముతావా అని అడిగితే ఏం చెప్తారు వాళ్ళు?

హంగేరియన్ల కథ వేరేలా సాగింది. మైనారిటీ భాషలకీ సంస్కృతులకీ యూనియన్ స్థాయిలోనే చట్టం కావాలని మైనారిటీ సేఫ్‌ప్యాక్ అనే పేరుతో సంతకాల ఉద్యమం నడిపారు, ఇటలీలోని సౌత్ టైరోల్‌లో జర్మన్ మాట్లాడేవాళ్ళు, ఫ్రీజియన్లు, ఇంకా చాలామంది కలిశారు. 10 లక్షల సంతకాలు కావాలంటే 11 లక్షలు దాటి తెచ్చారు. 2020 డిసెంబర్లో యూరోపియన్ పార్లమెంట్ పెద్ద మెజారిటీతో సపోర్ట్ చేసింది. తర్వాత నెలలోనే, 2021 జనవరిలో, యూరోపియన్ కమిషన్ (యూనియన్ పాలన చూసే, చట్టాలు ప్రతిపాదించే సంస్థ) కొత్త చట్టాలేం అక్కర్లేదు, ఉన్నవి చాలు అని తేల్చేసింది. ఇది నాకు చాలా బాధ కలిగించిన విషయం, ఎందుకంటే వాళ్ళు రాళ్ళు వెయ్యలేదు, రోడ్లు ఆపలేదు, మీరు చెప్పిన పద్ధతిలోనే వచ్చాం అన్నారు, వచ్చినవాళ్ళని ఖాళీ చేతులతో పంపించారు.

ప్రశ్న: ఎక్కడో దూరాన కూర్చున్న కోర్టు తీర్పిస్తే ఊళ్ళో పేదవాడికి ఏం ఒరుగుతుందండీ? నాకైతే ఇదంతా కాగితాల వ్యవహారంగా కనపడుతోంది.
– రిటైర్డ్ టీచర్, రాజమండ్రి

జవాబు: మాస్టారూ, మీరు జీవితమంతా బడిలో గడిపారు కాబట్టి బడి కేసే చెప్తాను.

చెక్ రిపబ్లిక్‌లో ఒస్ట్రావా అని ఒకప్పటి బొగ్గు గనుల ఊరు. అక్కడ రోమా పిల్లల్ని మామూలు బడికి కాకుండా బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం పెట్టిన స్పెషల్ స్కూళ్ళకి పంపేవాళ్ళు. రోమాలు కాని పిల్లలతో పోలిస్తే రోమా పిల్లలు ఆ బడిలో పడే అవకాశం 27 రెట్లు ఎక్కువ అని లెక్క తేలింది. 18 మంది పిల్లల తరఫున కేసు వేస్తే వాళ్ళ దేశ రాజ్యాంగ కోర్టు 1999లో కొట్టేసింది. 2000లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్ళారు. (ఈ కోర్టు యూరోపియన్ యూనియన్‌ది కాదు, కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే సంస్థది, చాలామంది రెండూ కలిపేస్తుంటారు.) 2006లో అక్కడా ఓడిపోయారు. మళ్ళీ అదే కోర్టులో పెద్ద బెంచ్ అయిన గ్రాండ్ చాంబర్‌కి వెళ్తే 2007 నవంబర్ 13న, 13 మంది జడ్జీలు ఒకవైపు నలుగురు ఇంకోవైపు ఉండి, వివక్ష జరిగింది అని తీర్పొచ్చింది.

అందులో నాకు ముఖ్యం అనిపించేది ఒకటుంది మాస్టారూ. తల్లిదండ్రులే ఒప్పుకుని సంతకాలు పెట్టారు కదా అని సర్కారు వాదించింది. కోర్టు ఏమందంటే, చదువు లేక అణగారిపోయిన తల్లిదండ్రులకి ఆ సంతకంతో పిల్లల భవిష్యత్తు ఏమైపోతుందో తెలిసే అవకాశం ఉందా అని చూడాలి, పైగా జాతి వివక్షకి గురికాకుండా ఉండే హక్కుని ఎవరూ సంతకం పెట్టి వదులుకోలేరు అంది. వేలిముద్ర వేయించుకుని భూములు రాయించుకున్న కథలు మనకి తెలుసు కాబట్టి ఈ మాట విలువ మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కొక్కరికి 4,000 యూరోలు పరిహారం ఇమ్మన్నారు. కానీ అప్పటికే ఆ పిల్లల బడి వయసు దాటిపోయింది. స్పెషల్ స్కూల్ అన్న పేరు పోయింది, ప్రాక్టికల్ స్కూల్ అని కొత్త పేరొచ్చింది, లోపల మాత్రం చాలావరకు పాత వ్యవహారమే నడిచింది. తీర్పొచ్చిన ఏడేళ్ళకి, 2014లో, యూరోపియన్ కమిషన్ చెక్ ప్రభుత్వం మీద చర్య మొదలుపెట్టాల్సి వచ్చింది, 2015లో స్లొవేకియా మీద, 2016లో హంగేరీ మీద కూడా అదే కారణంతో. కాబట్టి మీ అనుమానం తప్పని నేను అనను.

అలాగని తీర్పులన్నీ కాగితాలే అని కూడా అనలేం. బల్గేరియాలో దుప్నిత్సా అనే ఊళ్ళో రోమాల పేటలో కరెంటు మీటర్లని స్తంభాల మీద 6, 7 మీటర్ల ఎత్తున బిగించారు, మీరు దొంగతనం చేస్తారు అని. మిగతా పేటల్లో ఎత్తు 1.70 మీటర్లే. మన మీటర్ రీడింగ్ మనం చూసుకోలేం, బిల్లు ఎంతొస్తే అంత కట్టాలి, అంతకంటే పెద్ద బాధ, ఆ ఎత్తున వేలాడుతున్న మీటరు ఈ పేటవాళ్ళంతా దొంగలు అని రోజూ ఊరందరికీ చెప్తుంటుంది. అక్కడ షాపు నడిపే ఒకావిడ కేసు వేసింది, ఆవిడ రోమా కూడా కాదు. లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ కోర్టు 2015 జులై 16న ఏం చెప్పిందంటే, రోమా కాకపోయినా వాళ్ళతోపాటు ఆ వివక్ష అనుభవించినవాళ్ళకి కూడా చట్టం వర్తిస్తుంది, పేటమొత్తాన్నీ ఇన్నేళ్ళు ఇలా అనుమానించి అవమానించడం వివక్ష కిందికి వచ్చే విషయమే, తుది నిర్ణయం మాత్రం సోఫియాలోని కోర్టు చెయ్యాలి అని. పేదవాడి పరువు గురించి అంత పెద్ద కోర్టు అంత వివరంగా మాట్లాడిందంటే నాకు దాని మీద గౌరవం కలిగింది.

అసలు సమస్య ఎక్కడంటే అక్కడిదాకా వెళ్ళేవాళ్ళు ఎంతమంది? యూరోపియన్ యూనియన్ హక్కుల ఏజెన్సీ 2008లో 27 దేశాల్లో మైనారిటీల్ని, వలస వచ్చినవాళ్ళని అడిగితే, గత ఏడాదిలో వివక్ష ఎదుర్కొన్నవాళ్ళలో 82 శాతం మంది ఎక్కడా కంప్లైంట్ ఇవ్వలేదు. చెప్పినా ఏమీ కాదులే అనేది ఎక్కువమంది చెప్పిన కారణం.

ప్రశ్న: మాది నెల్లూరు, బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం. 2016 బ్రెగ్జిట్ రెఫరెండంలో ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఉన్న నాకు ఓటు వచ్చింది, మా ఆఫీసులో ఇటలీ అతనికి రాలేదు. మైనారిటీలు బయటి సంస్థని నమ్ముతారంటారు, మరి మనవాళ్ళు కొందరు బయటికి పోదామనే వేశారేంటి?
– ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: మీకు ఓటు వచ్చింది కామన్వెల్త్ పౌరులు కాబట్టి. ఇటలీ అతను యూరోపియన్ యూనియన్ పౌరుడే అయినా, ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వాళ్ళకి తప్ప మిగతా యూనియన్ పౌరులకి ఇవ్వలేదు.

బ్రిటన్ రాజకీయ నాయకుడు లార్డ్ యాష్‌క్రాఫ్ట్ చేయించిన పోల్ ప్రకారం ఆసియా మూలాలవాళ్ళలో 67 శాతం, నల్లవాళ్ళలో 73 శాతం ఉండిపోదాం అనే వేశారు. అంటే మైనారిటీల్లో ఎక్కువమంది యూరప్ వైపే. మిగిలిన మూడోవంతు మంది గురించి నేననుకునేది ఇదీ. బ్రిటన్‌లో జాతి వివక్ష మీద చట్టాలు 1965లో, 1968లో, 1976లో వాళ్ళ పార్లమెంటే చేసింది, యూరోపియన్ యూనియన్ ఆ చట్టం చేసేసరికి 2000 వచ్చింది. అంటే వాళ్ళకి బ్రస్సెల్స్ ఎప్పుడూ కాపాడిన చెయ్యిగా కనపడలేదు. పైగా పోలండ్ నుంచి వచ్చేవాడికి వీసా అక్కర్లేదు, మా ఊరి నుంచి వంటవాణ్ణి తెచ్చుకోవాలంటే ఇన్ని రూల్సా అనే కోపం హోటళ్ళవాళ్ళలో బాగా ఉండేది, ప్రీతి పటేల్ లాంటి నాయకులు ప్రచారంలో దాన్నే గట్టిగా పట్టుకున్నారు.

ఇంకో విషయం మీ ఇంట్లో పిల్లలుంటే గమనించండి. వలస వెళ్ళిన మొదటి తరంవాళ్ళు అక్కడి సంస్థల్ని అక్కడ పుట్టినవాళ్ళకంటే కూడా ఎక్కువ నమ్ముతారని పశ్చిమ యూరప్‌లో చాలా పరిశోధనల్లో తేలింది, ఎందుకంటే వాళ్ళు పోల్చుకునేది వదిలొచ్చిన ఊరితో. వాళ్ళ పిల్లలు పోల్చుకునేది పక్క బెంచీ పిల్లాడితో. అందుకే రెండో తరంలో ఆ నమ్మకం తగ్గుతుంది.

ప్రశ్న: అన్నా, మేం గోండులం. మా భూమి విషయంలో ఇక్కడ అన్యాయం జరిగితే అలాంటి అంతర్జాతీయ కోర్టుకి పోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, ఉట్నూరు

జవాబు: తమ్ముడూ, నేరుగా చెప్తున్నా, కోర్టుకి అయితే పోలేం. యూరప్‌కి స్ట్రాస్‌బర్గ్ ఉంది, ఆఫ్రికాకి అరూషాలో కోర్టు ఉంది, ఆసియాకి అలాంటిది లేదు. 1985లో పుట్టిన సార్క్ (దక్షిణాసియా దేశాల కూటమి) అయితే తన చార్టర్‌లోనే వివాదాస్పద విషయాలు చర్చకి తీసుకోం అని రాసుకుంది. ఐక్యరాజ్యసమితి పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో ఇండియా 1979లో చేరింది గానీ, ఒక మనిషి నేరుగా కంప్లైంట్ పెట్టుకోవడానికి వీలిచ్చే అదనపు ఒప్పందంలో చేరలేదు. జాతి వివక్ష ఒప్పందంలోనూ అంతే, 1968లో ఒప్పుకున్నాం కానీ వ్యక్తుల ఫిర్యాదులకి తలుపు తెరవలేదు. ఇది తెరవాల్సిన తలుపు అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ తలుపు ఉంటే ఏం జరుగుతుందో కెనడాలో చూశారు. శాండ్రా లవ్‌లేస్ అనే ఆదివాసీ మహిళ తెగ బయటి మనిషిని పెళ్ళి చేసుకుందని చట్టం ఆమెకి ఆదివాసీ హోదానే తీసేసింది, మగవాళ్ళకి ఆ రూల్ లేదు. 1977లో ఆమె ఐక్యరాజ్యసమితి కమిటీకి రాసింది, 1981లో కమిటీ ఆమె వైపు చెప్పింది, 1985లో కెనడా చట్టం మార్చింది. ఆ కమిటీకి పోలీసులు లేరు, జైళ్ళు లేవు, అయినా మారింది.

కెన్యాలో మాత్రం వేరేలా అయింది. మావ్ అడవిలో బతికే ఒగియెక్ జనానికి 2009లో 30 రోజుల్లో ఖాళీ చెయ్యమని నోటీసిచ్చారు. 2017 మే 26న ఆఫ్రికన్ కోర్టు ఆ అడవి మీద వాళ్ళకి హక్కుందని చెప్పింది, 2022లో పరిహారం కూడా ఇమ్మంది, భూమి పట్టా చెయ్యమంది. 2023 నవంబర్లో మళ్ళీ ఇళ్ళు కూల్చి ఖాళీ చేయించారు. అలాంటివాళ్ళని ఆ కోర్టు మీద నమ్మకం ఉందా అని అడగడానికి నాకైతే నోరు రాదు.

నీకు దగ్గర్లో ఉన్న బలమైన ఆయుధం 1997 నాటి సమతా తీర్పు. అప్పటి విశాఖ జిల్లాలో అనంతగిరి మండలం గనుల మీద వచ్చింది అది, షెడ్యూల్డ్ ఏరియాలో ప్రైవేటు కంపెనీలకి ప్రభుత్వ భూమి లీజుకిచ్చినా చెల్లదు అని సుప్రీంకోర్టు చెప్పింది. ముందు దాన్ని పట్టుకుని ఐటీడీఏ దగ్గరా హైకోర్టులోనూ పోరాడండి. దాంతోపాటు ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీ హక్కుల స్పెషల్ రాపోర్టర్‌కి (ఆ హక్కుల్ని పరిశీలించే ప్రత్యేక నిపుణుడికి) ఎవరైనా ఉత్తరం రాయొచ్చు, ఆ ఆఫీసు నుంచి ఢిల్లీకి వివరణ అడుగుతూ లెటర్ వెళ్ళే అవకాశం ఉంటుంది. కొన్నేళ్ళకోసారి జెనీవాలో ప్రతి దేశం మానవ హక్కుల రికార్డుని సమీక్షిస్తారు, ఇండియా వంతు ఆఖరుగా 2022లో వచ్చింది, దానికి సంఘాలు తమ రిపోర్టులు పంపుకోవచ్చు. ఏది రాసినా గ్రామసభ తీర్మానం కాపీ, సర్వే నంబర్లు, తేదీలు జతచెయ్యండి, ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి.