బోనాల బొమ్మలు వేసే అమ్మాయిని యానిమేషన్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మాది సిద్దిపేట. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. చిన్నప్పటి నుంచీ బొమ్మలేస్తుంది. అన్నీ బోనాలు, బతుకమ్మలు, మా వాడకట్టు ఆడవాళ్లే. బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) పెయింటింగ్ చేస్తానంటోంది. ‘ఈ పల్లెటూరి బొమ్మలు ఎవరు కొంటారు, ఏం తిని బతుకుతావు’ అని మందలించాను. ప్రైవేటు కాలేజీలో యానిమేషన్ అయితే సరేనన్నాను. రెండింటిలో ఏది మేలు? - ఒక తండ్రి

జవాబు: సిద్దిపేటలో ఉండి ఆ మాట ఎలా అనగలిగారండీ? చిత్రకారుడు కాపు రాజయ్య గారిది మీ ఊరే. 1925లో పుట్టి, 2012లో కన్నుమూసేదాకా ఆయన బొమ్మల నిండా మీ ప్రాంతమే. బడిలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూనే నకాషీ పనివాళ్ల (గుడ్డ మీద కథలు గీసే సంప్రదాయ చిత్రకారుల) గీతనూ రంగులనూ తన చిత్రాల్లోకి తెచ్చుకున్నారు. ఆయన వేసిందీ బోనాలే, బతుకమ్మే. మీ అమ్మాయికి ఆ పేరైనా చెప్పారా?

ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. కాలేజీ పేర్లు మారతాయి కానీ అడిగేది ఒకటే: పిల్ల రేపు ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతుకుతుందా? ఆ భయం న్యాయమైనదే. అందుకే మన దగ్గర పల్లెను గీసినవాళ్లకు ఇల్లు ఎలా గడిచిందో చూద్దాం.

చిత్రకారుడు తోట వైకుంఠం గారు 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఊళ్లోకి వచ్చే నాటకాలవాళ్లలో మగవాళ్లు ఆడవేషం కట్టుకుంటుంటే కళ్లప్పగించి చూసిన పిల్లవాడు. ఆయన గీసిన ఆడమనిషిని ఒక్కసారి దగ్గరగా చూడండి. నిగనిగలాడే నల్లని ఒళ్లు, నుదుటి మీద ఇంత పెద్ద బొట్టు, ముక్కుకు పుడక, కళ్లు చెదిరే ఎర్రచీర. మీరు ‘ఎవరు కొంటారు’ అన్నది సరిగ్గా ఈ మనిషినే. ఇవాళ ఆ బొమ్మలు లక్షలు పలుకుతున్నాయి. అయితే ఆ పేరు చదువు ముగియగానే వచ్చింది కాదు. బరోడాలోని ఎం.ఎస్. యూనివర్సిటీలో పేరున్న చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నాక కూడా ఏళ్ల తరబడి ఇతర పనులు చేశారు. ‘దాసి’ సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌కు చెందిన మరో చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు దూరదర్శన్‌లో ఉద్యోగం చేశారు, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 2016లో పద్మశ్రీ వచ్చింది.

ముగ్గురికీ చేతిలో మరో పని ఉంది. మీ అమ్మాయీ అలాగే బతుకుతుంది. కేవలం బొమ్మలు అమ్ముకుని ఇల్లు గడపడం మొదటి కొన్నేళ్లలో చాలామందికి కుదరదు, ఈ మాట తనకూ చెప్పండి. బడుల్లో ఆర్ట్ టీచర్, పుస్తకాలకు బొమ్మలు, సినిమా సెట్ల పని, ఎంఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ పీజీ) చేస్తే కాలేజీలో అధ్యాపకత్వం: జీతానికి దారులు ఇవి. పెద్ద జీతాలని నేను చెప్పను. ఆకలి మాత్రం ఉండదు.

ఇక యానిమేషన్. ఆ చదువును తక్కువ చేయను, ఇష్టపడి చేసేవాళ్లు అందులో బాగానే ఉన్నారు. నా అనుమానమల్లా లక్షల ఫీజు కట్టించుకుని సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్పి పంపే కోర్సుల మీద. ఆ సాఫ్ట్‌వేర్ నాలుగేళ్లలో పాతబడుతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్నచిన్న పనులను ఇప్పుడు ఏఐ లాగేసుకుంటోంది. హైదరాబాద్‌లోనూ స్టూడియో నడిపిన అమెరికా సంస్థ రిథమ్ అండ్ హ్యూస్‌కు 2013 ఫిబ్రవరిలో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అదే నెలలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అంతటి సంస్థకే అలా జరిగితే, పెయింటింగ్‌లో భద్రత లేదు, యానిమేషన్‌లో ఉందని మీకు ఎవరు చెప్పారు? బ్రోషర్‌లో ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అని ఉంటే, పోయినేడు బయటికొచ్చిన పిల్లలతో మాట్లాడించమని అడగండి. నీళ్లు నమిలితే అక్కడి నుంచి వచ్చేయండి.

పోలిక అడిగారు కాబట్టి రెండు ముక్కలు. గీత బలంగా ఉన్న పిల్ల బీఎఫ్ఏ తర్వాత యానిమేషన్‌లోకి వెళ్లగలదు. గీత కుదరకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే నేర్చినవాళ్లు తిరిగి పెయింటింగ్‌లోకి రావడం కష్టం. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో పెయింటింగ్‌తో పాటు అప్లైడ్ ఆర్ట్ కూడా ఉంది. ప్రకటనలు, పుస్తకాల డిజైన్ వైపు ఉద్యోగం కావాలనుకుంటే అది మధ్యేమార్గం. ఎంచుకోవాల్సింది మాత్రం మీరు కాదు, తను.

సీటు సంగతి తేలేలోగా ఒక ఆదివారం అమ్మాయిని చేర్యాలకు తీసుకెళ్లండి. ఇప్పుడది మీ జిల్లాలోదే. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి, ఆరాక ఎర్రటి నేపథ్యం మీద కథలు గీసే నకాషీ కుటుంబాలు అక్కడున్నాయి. వాళ్ల పక్కన కూర్చుని గీయనివ్వండి, మీరూ కూర్చోండి. యానిమేషన్ కోసం ఎలాగూ లక్షలు కట్టడానికి సిద్ధపడ్డారు కదా. బీఎఫ్ఏ ఖర్చులు పోను మిగిలింది ఆమె పేరు మీద బ్యాంకులో వేయండి. ఎంఎఫ్ఏకి బరోడా వెళ్లాలంటే అప్పుడు అక్కరకొస్తుంది.