ట్రోమ్సో నుంచి వచ్చాక ఆవిడ ఎందుకు మాట్లాడట్లేదంటే

తమ్ముడూ, మీ లెటర్ నిన్న రాత్రి ఒకసారి చదివాను, పొద్దున్నే లేచి మళ్ళీ చదివాను. మీరు మీ ఆవిడని సంతోషపెట్టాలనే తీసుకెళ్ళారు, అందులో నాకే డౌటూ లేదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే తర్వాత చెప్పేవి కొంచెం గట్టిగా తగులుతాయి, అప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

చదివేవాళ్ళ కోసం విషయం చెప్పేస్తాను. ఇద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు, పెళ్ళయి ఐదేళ్ళు. క్రిస్మస్ సెలవులకి నార్వేలో ట్రోమ్సో వెళ్ళారు, నార్తర్న్ లైట్స్, అంటే రాత్రి ఆకాశంలో కదిలే ఆ రంగుల వెలుగులు, చూడాలని ఈయనకి కాలేజీ రోజుల నుంచీ కోరిక. ఆరు రోజులు, ఐదు లక్షల పైనే అయింది. అక్కడ ఆవిడ సరిగ్గా తినలేదు, నవ్వలేదు, ఒక రాత్రి టూర్‌కే రానంది. వచ్చాక మాటలు తగ్గిపోయాయి, సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళి ఇంకా రాలేదు. "తనకి కృతజ్ఞత లేదా, నేనంటేనే ఇష్టం పోయిందా, ఈసారి ఎండగా ఉండే చోటికి, బాలి లాంటిదానికి ప్లాన్ చేయనా" అని అడుగుతున్నారు.

బాలి సంగతి పక్కన పెట్టండి. మీ లెటర్ మధ్యలో ఒక్క లైన్ ఉంది, "ఆగస్టులో మామగారు పోయారు, అప్పటికే టికెట్లు బుక్ అయిపోయాయి" అని. అంతే, మళ్ళీ ఆ ఊసే లేదు, వెంటనే వీసా అపాయింట్‌మెంట్ గురించి మొదలుపెట్టేశారు. ఖర్చు గురించి ఐదు చోట్ల రాశారు తమ్ముడూ, నేను లెక్కపెట్టాను, ఆ అమ్మాయి నాన్న గురించి మాత్రం ఈ ఒక్క లైనే. నాకు మీ లెటర్ మొత్తం అక్కడే ఆగిపోయింది.

అక్టోబర్‌లో ఆవిడ "ఇప్పుడు వద్దులెండి" అందన్నారు. మీరేమో డబ్బులు వెనక్కి రావు, పైగా చోటు మారితే మనసు కుదుటపడుతుంది అన్నారు. మీరే కాదు, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కూడా అదే అంటారు, నాలుగు రోజులు ఎటైనా తీసుకెళ్ళు అని, ఒక్కోసారి నిజంగానే పనిచేస్తుంది కూడా. కానీ ఎక్కడికి తీసుకెళ్ళారో చూడండి. ట్రోమ్సో ఆర్కిటిక్ సర్కిల్‌కి, అంటే ఉత్తర ధ్రువ వలయానికి, ఇంకా 350 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది, నవంబర్ ఆఖరి నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడే పైకి రాడు. మధ్యాహ్నం ముందూ వెనకా కొన్ని గంటలు నీలంగా మసక వెలుతురు, అంతే, మళ్ళీ చీకటి. ఆ ఊరివాళ్ళు దానికి అలవాటు పడి కిటికీల్లో దీపాలు పెట్టుకుని, స్కీయింగ్‌కి వెళ్ళి, కాఫీలు తాగుతూ హాయిగా బతుకుతారు, నేనేం ఆ ఊరిని తప్పుపట్టట్లేదు. కానీ మనం ఎండలో పుట్టినవాళ్ళం, పొద్దున వెలుతురు కంట్లో పడితేనే మన ఒంటికి తెల్లారినట్టు తెలిసేది, అది లేకపోతే బాగున్న మనిషికే నిద్ర చెడుతుంది, విసుగొస్తుంది. నాన్న పోయి నాలుగు నెలలైన పిల్లకి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు డిసెంబర్ 24 రాత్రి సంగతి. నార్వేలో ఆ రోజు మధ్యాహ్నానికే షాపులు కట్టేస్తారు, మళ్ళీ తెరిచేది 27నే, ఊరంతా ఇళ్ళల్లో ఉంటుంది. ఆవిడ తలనొప్పిగా ఉంది, ఈ ఒక్కరోజు ఉండిపోదాం అంది. టూర్‌కి ముందే కట్టేశాం కదా అని మీరు సాయంత్రం ఆరింటికి మినీబస్ ఎక్కారు, మబ్బు లేని చోటు వెతుక్కుంటూ ఫిన్లాండ్ బోర్డర్ దాకా వెళ్ళారు, రాత్రి రెండున్నరకి వచ్చారు. ఎనిమిదిన్నర గంటలు! ఆవిడ హోటల్ రూమ్‌లో కెటిల్‌లో నీళ్ళు కాచుకుని ఇంటి నుంచి తెచ్చుకున్న ఉప్మా మిక్స్ కలుపుకుని తింది. మీరు వచ్చి నిద్రలేపి ఫోన్‌లో ఆకుపచ్చ ఆకాశం చూపించారు, ఆవిడ చూసి అటు తిరిగి పడుకుంది. "కనీసం బావుందని కూడా అనలేదు మేడమ్" అని రాశారు.

ఆ రాత్రి ఆవిడ ఏం చేసిందని మీరు అడిగారా? లెటర్‌లో అయితే లేదు. అమ్మతో మాట్లాడిందా, ఏడ్చిందా, నాన్న ఫోటో చూసుకుందా, మీకు తెలీదు కాబట్టి నాకూ తెలీదు. ఇంకొకటి, మామగారి మాసికం ఆ ఆరు రోజుల్లో ఎక్కడైనా పడిందేమో క్యాలెండర్ చూసుకోండి. వాళ్ళ అన్నయ్య ఇక్కడ మాసికం పెడుతుంటే కూతురు మంచులో నిలబడి ఫోటోకి నవ్వాల్సొచ్చిందేమో. పడి ఉండకపోవచ్చు కూడా, కానీ ఈ ప్రశ్న మీకు అసలు తట్టలేదు చూశారా, నేను చెప్పేది అదే.

అంతకు ముందు రాత్రి ఆవిడ కూడా వచ్చింది కదా, "నాకు బూడిదరంగు మబ్బులాగే ఉంది" అంటే మీరు "ఫోన్‌లో చూడు" అన్నారు. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు, లైట్స్ పలచగా ఉన్నప్పుడు కంటికి అలాగే కనిపిస్తాయి, కెమెరా కొన్ని సెకన్లపాటు వెలుతురు పోగేసుకుంటుంది కాబట్టి ఆకుపచ్చగా చూపిస్తుంది. ఆవిడ తన కళ్ళతో చూసింది చెప్తే మీరు కెమెరా చూసిందే కరెక్ట్ అన్నారు. ఇది చిన్న విషయమే, కానీ కేబుల్ కార్ దగ్గర ఆవిడ ఐస్ మీద జారిపోతుంటే మీ చేతిలో వీడియో ఆన్‌లో ఉందని మీరే ఒప్పుకున్నారు, పట్టుకోడానికి రెండు సెకన్లు లేటయిందని. "పడుతుంటే కూడా తీస్తున్నారు" అందట. ఆ రెండు సెకన్లు ఆవిడ మర్చిపోలేదు, మీరూ మర్చిపోలేదు, లేకపోతే నాకు రాసేవారు కాదు. అందుకే మీ మీద నాకు నమ్మకం ఉంది.

కృతజ్ఞత మాటకి వస్తే, ఆవిడ మీ కోసం వచ్చింది తమ్ముడూ. సంవత్సరీకం కాకుండానే, మనసులో అంత బరువు పెట్టుకుని, మీ కాలేజీ రోజుల నాటి కోరిక పాడుచేయడం ఇష్టంలేక సూట్‌కేస్ సర్దుకుని వచ్చింది. అది ఎంత పెద్ద విషయమో ఆవిడ చెప్పుకోలేదు, మీరు గమనించలేదు.

ఇక పుట్టింటి నుంచి రాకపోవడం. సంక్రాంతి అంటేనే పెద్దల పండగ, పోయినవాళ్ళకి బట్టలు పెట్టే పండగ. మీ అత్తగారికి భర్త లేని మొదటి సంక్రాంతి ఇది. కూతురు తల్లి దగ్గర ఇంకో రెండు వారాలు ఉండిపోయిందంటే దాన్ని "నన్ను వదిలేసి వెళ్ళింది" అని ఎలా రాశారో నాకు అర్థం కాలేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంది కాబట్టి ఉంది, అంతే అనుకోండి ముందు.

చేయాల్సింది చెప్తాను. ఈ శనివారం బయల్దేరి వెళ్ళండి. "ఎప్పుడొస్తావు" అనే ప్రశ్న అస్సలు వద్దు, ఖర్చు ఊసు వద్దు, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టే పని అంతకన్నా వద్దు. ముందు అత్తగారి దగ్గర కాసేపు కూర్చోండి, మామగారి గురించి ఆవిడే మొదలుపెడుతుంది, విని ఊరుకోండి. తర్వాత మీ ఆవిడతో ఒంటరిగా ఉన్నప్పుడు "ఆ రోజు రాత్రి నిన్ను ఒక్కదాన్నే వదిలి వెళ్ళకుండా ఉండాల్సింది" అని చెప్పండి. అక్కడితో ఆపేయండి. "కానీ నేను కూడా..." అని మొదలుపెట్టారో అంతా పోయినట్టే. ఆవిడ కోపంగా ఏదో అనొచ్చు, అననివ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి, వెంటనే నవ్వించే ప్రయత్నం చేయకండి.

ఒకటి మాత్రం గమనించండి. దుఃఖం ఉండటం సహజం, దానికి టైమ్ లిమిట్ లేదు. కానీ రెండు వారాలకి పైగా రోజూ నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, ఆఫీస్ పని చేయలేకపోవడం, లేదా ఒక్కసారైనా "నేనెందుకు బతికున్నాను" లాంటి మాటలు రావడం ఉంటే ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్ట్‌కి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఏ టైమ్‌లో అయినా ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

ట్రోమ్సోలో మీరు ఒకటి చూడలేదు. జనవరి మధ్యలో, సరిగ్గా మన సంక్రాంతి రోజుల్లోనే, అక్కడ సూర్యుడు తిరిగొస్తాడు, కానీ చుట్టూ కొండలు అడ్డం కాబట్టి ఊళ్ళోవాళ్ళకి కనిపించేది 21 ప్రాంతంలో. ఆ రోజు సూర్యుడి పేరుతో బన్నులు చేసుకుని తింటారు, స్కూల్ పిల్లలు కూడా. సూర్యుడు వచ్చాడని లెక్క ప్రకారం తెలిసినా, కొండ దాటి కనిపించేదాకా ఇంకో ఆరు రోజులు ఆగుతారు. మీరూ అలాగే ఆగాల్సి రావొచ్చు, ఈ శనివారమే ఆవిడ మీతో కారెక్కుతుందని నేను చెప్పలేను.

వెళ్ళేటప్పుడు కెమెరా ఇంట్లో పెట్టేయండి. వచ్చాక రాయండి, ముఖ్యంగా అత్తగారు ఎలా ఉన్నారో.