వాల్యుయర్ మీద దావా పడితే పైవాళ్లకు చెప్పాలా?

ప్రశ్న: మా అన్నయ్య భీమవరంలో రిజిస్టర్డ్ వాల్యుయర్. రొయ్యల చెరువుకు విలువ ఎక్కువ కట్టాడని ఒకాయన సివిల్ దావా వేశాడు. ఈ సంగతి పైవాళ్లకు చెప్పాలా? చెబితే రిజిస్ట్రేషన్ పోతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక చెల్లెలు, ఉండి

జవాబు: దావా పడినంత మాత్రాన రిజిస్ట్రేషన్ పోదమ్మా. 2017 నాటి వాల్యుయర్ల నిబంధనల్లో అనర్హత తెచ్చేవి నేరం రుజువు కావడం, దివాలా తీయడం లాంటివి. కానీ దాచడం మాత్రం వద్దే వద్దు. తను సభ్యుడిగా ఉన్న వాల్యుయర్ల సంస్థకు దావా నంబరు, కోర్టు పేరు రాసి ఉత్తరం పంపి రసీదు దాచుకోమనండి, ఎందుకంటే ఆ సంస్థ గానీ ఐబీబీఐ (వాల్యుయర్లకు రిజిస్ట్రేషన్ ఇచ్చే నియంత్రణ సంస్థ) గానీ అడిగితే సమాచారం, రికార్డులు ఇచ్చి తీరాలని ప్రవర్తనా నియమావళిలోనే ఉంది, పైగా అవతలి వాళ్ల ఫిర్యాదుతో ముందు తెలిస్తే మీ అన్నయ్య మాట నమ్మించడం కష్టం.

అసలు బలం కాగితాల్లో ఉంది. వర్కింగ్ పేపర్లు, అంటే విలువ ఎలా కట్టాడో చూపే లెక్కలు, నోట్సు, కనీసం మూడేళ్లు ఉంచాలన్నది నియమం, ఈ దావా తేలేదాకా మాత్రం ఒక్క కాగితం కూడా పారేయొద్దు. మన డెల్టాలో వరిచేను రేటు వేరు, చెరువు రేటు వేరు కదా, ఏ సేల్ డీడ్‌లతో పోల్చాడో, చెరువు అనుమతులు చూశాడో లేదో, ఫొటోలు ఎప్పటివో అన్నీ ఒకచోట పెట్టమనండి.

లాయర్ని ఈ వారమే కలవాలి. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల వరకు వీలుంటుంది.