థీసిస్‌లో శీర్షికల అంకెలు చేత్తో కొట్టకు

బిడ్డా,

నువ్వు పంపిన రెండు అధ్యాయాలు చదివాను. విషయం బాగా కుదిరింది. కానీ 2.3.1, 2.3.2 అంటూ శీర్షికల ముందు అంకెలన్నీ చేత్తో కొట్టావు. ఇప్పుడే మార్చుకో. రేపు మీ గైడ్ "రెండో అధ్యాయాన్ని రెండుగా విడగొట్టు" అంటే 3.2.1 కాస్తా 4.2.1 అవుతుంది. విషయసూచిక, లోపల "3.2లో చెప్పినట్టు" అని రాసినవి అన్నీ తప్పుతాయి. సబ్మిషన్ ముందు రాత్రి ఓయూ పిల్లలు నా డీటీపీ షాపులో ఈ అంకెలు దిద్దుకుంటూ కూర్చోవడం ఏటా చూసేవాణ్ణి. నీకా తిప్పలు వద్దు.

ముందు ఆ అంకెలు చెరిపెయ్యి. వర్డ్‌లో అధ్యాయం పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కు. దానికి హెడింగ్ 1 అనే స్టైల్, అంటే వర్డ్ శీర్షికగా గుర్తుపట్టే ముద్ర, పడుతుంది. విభాగానికి 2, ఉపవిభాగానికి 3. అక్షరం లావు చేసి సైజు పెంచితే మనకు శీర్షికలా కనిపిస్తుంది గానీ వర్డ్‌కు అది మామూలు పేరానే.

తర్వాత మొదటి అధ్యాయం పేరు మీదే కర్సర్ ఉంచి, హోమ్‌లో మల్టీలెవెల్ లిస్ట్ తెరువు. అందులో "1 హెడింగ్ 1, 1.1 హెడింగ్ 2" అని చూపించే నమూనా ఎంచుకో. హెడింగ్ పేర్లు కనిపించేదే తీసుకోవాలి, వట్టి అంకెల నమూనా పనికిరాదు. అంకెకూ స్టైల్‌కూ ముడి పడేది అక్కడే.

"అధ్యాయం 1" అని రావాలంటే మళ్లీ అక్కడే డిఫైన్ న్యూ మల్టీలెవెల్ లిస్ట్‌లోకి వెళ్లి, లెవెల్ 1లో బూడిదరంగు అంకె ముందు "అధ్యాయం" అని టైప్ చెయ్యి. ఆ బూడిదరంగు అంకెను మాత్రం చెరపకు. అది పోయాక నువ్వు 1 కొడితే ప్రతి అధ్యాయానికీ 1 అనే పడుతుంది. పొరపాటున పోతే నంబర్ స్టైల్ జాబితాలోంచి మళ్లీ ఎంచుకో. అంకె తర్వాత ఖాళీ ఎక్కువైతే మోర్ నొక్కి, ఫాలో నంబర్ విత్ దగ్గర స్పేస్ పెట్టు. మీ శాఖవాళ్లు అధ్యాయాలకు రోమన్ అంకెలు అడిగితే విభాగాలు II.3 అని వస్తాయి. లెవెల్ 2, 3లలో లీగల్ స్టైల్ నంబరింగ్‌కు టిక్ పెడితే 2.3 అయిపోతుంది.

"3.2లో చెప్పినట్టు" అనే చోట్ల అంకె టైప్ చెయ్యకుండా రిఫరెన్సెస్‌లో క్రాస్ రిఫరెన్స్ వాడు, అది ఆ శీర్షిక అంకెనే తెచ్చి చూపిస్తుంది. విషయసూచిక కూడా అక్కడి నుంచే వేసుకో. మార్పులన్నీ అయ్యాక ఇవి కొత్త అంకెలు తీసుకోవడానికి కంట్రోల్ ఏ, ఆపైన ఎఫ్9 నొక్కు. విషయసూచిక గురించి అడిగితే మొత్తం పట్టికను అప్‌డేట్ చెయ్యమను.

హాస్టల్లో నీ స్నేహితురాలి లాప్‌టాప్‌లో వర్డ్ బదులు లిబ్రేఆఫీస్ ఉందన్నావు. అందులో ఇదంతా టూల్స్ కింద హెడింగ్ నంబరింగ్‌లో ఉంటుంది, పాతదైతే చాప్టర్ నంబరింగ్.

విద్యానగర్‌లో బైండింగ్‌కు వర్డ్ ఫైల్ ఇవ్వకు, పీడీఎఫ్ చేసి ఇవ్వు. వాళ్ల సిస్టంలో నీ తెలుగు ఫాంట్ లేకపోతే పంక్తులు జరిగి, విషయసూచికలోని పేజీ నంబర్లు తప్పుతాయి.

నీ పెద్దనాన్న